ఎనిమిది రోజులకు తూర్పు తిమోర్ వెళ్లవచ్చా? వెళ్లవచ్చు, కానీ సంక్రాంతికి కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తూర్పు తిమోర్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేరిందన్న వార్త చూశారు. బాలీ ఇదివరకే చూసేశారు. పర్యాటకుల రద్దీ ఇంకా మొదలుకాని ఈ దేశానికి సంక్రాంతి సెలవుల్లో భార్య, పదేళ్ల అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల అమ్మగారితో కలిసి ఎనిమిది రోజులు వెళ్లాలనుకుంటున్నారు. వీసా, ఖర్చు, భద్రత, తిండి ఎలా ఉంటాయి, అమ్మగారికి ఇబ్బంది అవుతుందా అని అడిగారు.

ముందే సూటిగా చెబుతాను. వెళ్లండి. అమ్మగారినీ తీసుకువెళ్లండి. ప్రయాణాన్ని మాత్రం సంక్రాంతి నుంచి దసరా సెలవులకు మార్చుకోండి. ఎనిమిది రోజుల్లో మూడు చోట్లకు మించి పెట్టుకోకండి. ఈ రెండు మార్పులూ చేయలేకపోతే ఈ దేశాన్ని మరో ఏడాదికి వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

నేను రోడ్ల ఇంజినీరును. 2016 నుంచి 2019 వరకు అక్కడ ఉత్తర తీరం వెంబడి రోడ్డు పనుల మీద ఉన్నాను. తర్వాత 2023లో మా ఆవిడతో కలిసి మామూలు పర్యాటకుడిగా తొమ్మిది రోజులు వెళ్లి వచ్చాను. కాబట్టి కింద చెప్పే వాటిలో రోడ్ల గురించిన మాట కాస్త ఎక్కువగానే ఉంటుంది. ఆ దేశంలో మీ ప్రయాణాన్ని నిర్ణయించేవి నిజంగా రోడ్లే.

సంక్రాంతికి ఎందుకు వద్దు

తిమోర్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ వానాకాలం. జనవరి నడివాన. వాన పడితే ఏముంది, గొడుగు పట్టుకుని తిరగవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు వానతో కాదు, నేలతో. ఆ దీవిలో చాలా భాగం బొబొనారో బంకమన్ను అనే ఒక రకం నేల. మన నల్లరేగడి తెలిసినవారికి దాని స్వభావం వెంటనే అర్థమవుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. మన రేగడి చదునైన మైదానంలో ఉంది కాబట్టి రోడ్డు అలలు తేలడంతో సరిపోతుంది. అక్కడ అదే మన్ను నిటారు కొండవాలు మీద ఉంటుంది. నీళ్లు తాగిన వాలు ఒక రాత్రిలో రోడ్డుతో సహా లోయలోకి జారిపోతుంది. మేము మూడు నెలలు కష్టపడి కట్టిన అడ్డుగోడ ఒకే వానకు పక్కకు ఒరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

2018 జనవరిలో దక్షిణ తీరం వైపు సర్వేకు వెళ్లి ఒక వాగు దగ్గర ఆగిపోయాం. పొద్దున దాటినప్పుడు చీలమండ లోతు నీళ్లు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి జీపు ఎత్తున ఎర్రటి నీరు పరుగులు తీస్తోంది. రెండు రాత్రులు ఆ ఊరి బడిలో పడుకున్నాం. ఊరివాళ్లు మాకు ఉడికించిన మొక్కజొన్న, చిలగడదుంపలు పెట్టారు. మాకు అది ఉద్యోగంలో భాగం. తిరుగు విమానం టికెట్టు చేతిలో ఉన్న కుటుంబానికి అలా కాదు. 2021 ఏప్రిల్‌లో సెరోజా తుఫాను వచ్చినప్పుడు రాజధాని దిలీలోనే వరదకు జనం చనిపోయారు.

దసరా సమయానికి అక్కడ ఎండాకాలం చివర. కొండలు ఎండిపోయి గోధుమరంగులో ఉంటాయి, పచ్చదనం ఉండదు. కానీ రోడ్లు తెరిచి ఉంటాయి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీటి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో బహుమతి కూడా ఉంది. దిలీకి ఉత్తరాన ఉన్న జలసంధి తీరం దగ్గర్లోనే వేల మీటర్ల లోతుకు దిగిపోతుంది. బాందా సముద్రం నుంచి దక్షిణానికి మళ్లే నీలి తిమింగలాలు ఆ దారినే వెళతాయి. ఎక్కువగా కనిపించేది అక్టోబరు, నవంబరు నెలల్లో. దసరా అక్టోబరు మధ్యలో పడిన ఏడాదైతే మీ అబ్బాయికి ఆ అదృష్టం దక్కవచ్చు. డాల్ఫిన్లు మాత్రం పడవ ప్రయాణంలో తరచుగానే కనిపిస్తాయి.

ఇది "కొత్త" దేశం ఎలా అయింది

ఈ నాలుగు మాటలు తెలుసుకుని వెళ్లకపోతే అక్కడి మనుషులను తప్పుగా అర్థం చేసుకుంటాం. మలయ్ భాషలో తిమూర్ అంటే తూర్పు. పోర్చుగీసులో లెస్తె అన్నా తూర్పే. ఈ దేశం తనను పిలుచుకునే తిమోర్ లెస్తె అనే పేరులో తూర్పు రెండుసార్లు ఉంది. దీవిలో తూర్పు సగం, పడమటి సగంలో ఇండోనేసియా భూభాగం మధ్యన ఒంటరిగా ఉన్న ఒయెకుసి, ఉత్తరాన అటావురో దీవి, తూర్పు కొసన జాకో దీవి, ఇవన్నీ కలిస్తే ఈ దేశం. వైశాల్యం సుమారు 15,000 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి జిల్లా ఒకటి, మహా అయితే ఒకటిన్నర, అంతే.

పోర్చుగీసువారు విడిచి వెళుతున్న సమయంలో, 1975 డిసెంబరు 7న ఇండోనేసియా సైన్యం దిగింది. 1989 వరకు బయటివారికి దాదాపుగా ప్రవేశం లేదు. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి ప్రజాభిప్రాయం సేకరిస్తే 78.5 శాతం మంది స్వాతంత్ర్యం కోరారు. ఆ తీర్పుకు ప్రతీకారంగా ఇండోనేసియా సైన్యం, దాని అండ ఉన్న ముఠాలు ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, కరెంటు లైన్లు తగలబెట్టారు. 2002 మే 20న దేశం పుట్టింది. ఐక్యరాజ్యసమితి బలగాలు పూర్తిగా వెళ్లిపోయింది 2012 చివరలో. 2025 అక్టోబరులో ఆసియాన్‌లో చేరింది. అంటే పర్యాటకులను పిలిచే స్థితికి వచ్చి పట్టుమని పదిహేనేళ్లు కూడా కాలేదు. ఒక ఊళ్లో మీకు హోటలు కనిపించకపోతే, బస్సు వేళల పట్టిక లేకపోతే, అది వాళ్ల బద్ధకం కాదు. పాతికేళ్ల కిందట బూడిదలోంచి మొదలుపెట్టారు.

వీసా, విమానం

భారతీయులకు దిలీ విమానాశ్రయంలో దిగాక వీసా ఇస్తారు. నేను వెళ్లినప్పుడు మనిషికి 30 డాలర్లు, 30 రోజుల గడువు. నగదుగానే కట్టాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్టు, బస చిరునామా దగ్గర ఉంచుకోండి. ఈ వసతి విమానంలో దిగేవారికే. పడమటి తిమోర్ నుంచి రోడ్డు మార్గాన సరిహద్దు దాటాలంటే ముందుగా అనుమతి పత్రం తెప్పించుకోవాలి. ఆసియాన్‌లో చేరినంత మాత్రాన మనకు ఇందులో మార్పేమీ ఉండదు. అయినా టికెట్టు కొనేముందు వాళ్ల వలస శాఖ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. ఇలాంటి నిబంధనలు చెప్పకుండా మారుతుంటాయి.

మన దగ్గరి నుంచి నేరుగా విమానం లేదు. సులువైన దారి బాలీ మీదుగా. అక్కడి నుంచి దిలీకి రెండు గంటలు. ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. బాలీ వరకు ఒక టికెట్టు, బాలీ నుంచి దిలీకి వేరే టికెట్టు కొంటే, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వడానికి మీరు ఇండోనేసియాలోకి ప్రవేశించాల్సిందే. అంటే వాళ్ల వీసా కావాలి. మనిషికి 5 లక్షల ఇండోనేసియా రుపయ్యాలు. తిరుగు ప్రయాణంలో మళ్లీ ప్రవేశిస్తారు కాబట్టి మళ్లీ అంత. నలుగురికి రెండుసార్లు అంటే ఎనిమిది వీసాలు. ఈ లెక్క ముందే వేసుకోండి. డార్విన్ మీదుగా కూడా విమానాలున్నాయి కానీ దానికి ఆస్ట్రేలియా వీసా కావాలి.

బాలీలో రెండు విమానాల మధ్య ఒక రాత్రి ఉంచుకోండి. 2023లో మా మొదటి విమానం నాలుగు గంటలు ఆలస్యమై, దిలీ విమానం మా కళ్ల ముందే వెళ్లిపోయింది. వేరే వేరే టికెట్లు కాబట్టి ఎవరూ బాధ్యత తీసుకోలేదు. రెండు కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది.

డబ్బు

దేశంలో చెల్లేది అమెరికా డాలరు. నోట్లు అమెరికావి. చిల్లర మాత్రం వాళ్లదే, సెంటవోలు అంటారు. చిన్న నోట్లు తీసుకువెళ్లండి. ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లు ఎన్ని ఉంటే అంత సుఖం. కొత్తవిగా, చిరుగు లేకుండా, గీతలు రాతలు లేకుండా ఉండాలి. అంచు కొంచెం చిరిగిన ఇరవై డాలర్ల నోటును దిలీలో మూడు దుకాణాలు తీసుకోలేదు. చివరికి దాన్ని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. ఏటీఎంలు దిలీలో ఉన్నాయి. దిలీ దాటితే పెద్ద ఊళ్లలో ఒకటో రెండో, వాటిలో డబ్బు ఉంటుందన్న నమ్మకం లేదు. అటావురోకు, కొండలకు వెళ్లేముందు నగదు సరిచూసుకోండి.

పేద దేశం కదా, చవకగా అయిపోతుందని అనుకోకండి. బియ్యం దగ్గర నుంచి సబ్బు దాకా చాలా వస్తువులు ఓడలో రావాల్సిందే. పైగా డాలరు చలామణి. మేమిద్దరం తొమ్మిది రోజులకు విమానాలు కాకుండా దాదాపు 1,500 డాలర్లు ఖర్చు పెట్టాం. అందులో పెద్ద భాగం కారుకే. దిలీ బయట నాలుగు చక్రాలూ లాగే జీపు, దానికి ఆ దారి తెలిసిన డ్రైవరు తప్పనిసరి. మేము రోజుకు 100 డాలర్లు ఇచ్చాం. మీరే నడుపుదామనుకోకండి. మూలమలుపులో ఎదురుగా లారీ వస్తే ఎవరు వెనక్కి తీయాలో అక్కడివాళ్లకే తెలుసు. ఒక్క మాట: డ్రైవరుతో రోజు ధర మాట్లాడుకునేటప్పుడు పెట్రోలు, అతని భోజనం, రాత్రి బస ఎవరివో ముందే తేల్చుకోండి.

దిలీ లోపల తిరగడానికి మిక్రొలెట్ అనే చిన్న వ్యాన్లు ఉంటాయి. ముందు నంబరు రాసి ఉంటుంది. దిగాల్సిన చోటు రాగానే చిల్లర నాణెంతో పైనున్న ఇనుప కడ్డీ మీద టకటకమని కొట్టాలి, బండి ఆగుతుంది. మీ అబ్బాయికి ఆ దేశంలో బాగా నచ్చేది ఇదే అవుతుందని నా నమ్మకం.

ఎనిమిది రోజులు ఎలా

దూరాన్ని కిలోమీటర్లలో చూడకండి, గంటల్లో చూడండి. దిలీ నుంచి తూర్పున ఉన్న బవుకావు పట్టణం 120 కిలోమీటర్లు. కొత్త రోడ్డు మీద మూడు గంటల లోపే వెళ్లవచ్చు. అదే దూరం కొండల వైపు అయితే పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరడం కూడా ఉంది. పటంలో చిన్నగా కనబడుతోంది కదా అని దేశమంతా చుట్టేద్దామనుకునేవారు వాంతులతో, నడుం నొప్పితో తిరిగి వస్తారు.

నేను మీ చోట ఉంటే మొదటి రెండు రోజులు దిలీ, తర్వాత మూడు రోజులు అటావురో, ఆపైన రెండు రోజులు మౌబిసి కొండలు, చివరి రోజు మళ్లీ దిలీ. ఆ చివరి రోజులో ఏ పనీ పెట్టుకోకండి. పడవ ఆగిపోయినా, రోడ్డు తెగినా ఆ రోజే మిమ్మల్ని విమానానికి చేరుస్తుంది. అటావురోను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చివరికి పెట్టుకోవద్దు. గాలి లేస్తే పడవలు కదలవు.

దిలీలో అందరూ ముందుగా చూపించేది కొండ కొమ్ము మీది క్రీస్తు విగ్రహం. ఎత్తు 27 మీటర్లు. ఇండోనేసియా 1996లో కట్టించింది. అప్పట్లో తిమోర్‌ను తమ 27వ రాష్ట్రంగా లెక్కపెట్టేవారు, ఆ ఎత్తు అందుకే. అయిదు వందలకు పైగా మెట్లు. తెల్లవారుజామున ఎక్కండి, ఎనిమిది దాటితే ఎండ కొడుతుంది. అమ్మగారు కింద తీరంలో కూర్చోవచ్చు.

కానీ దిలీలో నన్ను కదిలించినవి వేరే రెండు చోట్లు. ఒకటి సాంతా క్రూజ్ శ్మశానం. 1991 నవంబరు 12న అక్కడికి ఊరేగింపుగా వచ్చిన యువకుల మీద ఇండోనేసియా సైన్యం కాల్పులు జరిపింది. 250 మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ దృశ్యాలను ఒక విదేశీ విలేఖరి చిత్రించి బయటకు చేర్చడంతో ప్రపంచానికి ఈ దేశం గురించి తెలిసింది. రెండోది బలీదె ప్రాంతంలోని పాత జైలు. ఖైదీలను చీకటి గదుల్లో ఉంచిన ఆ జైలునే, ఆ కాలపు అకృత్యాలను విచారించిన సత్యశోధన కమిషన్ తన కార్యాలయంగా చేసుకుంది. కమిషన్ నివేదిక పేరు "షెగా". పోర్చుగీసులో దానికి "ఇక చాలు" అని అర్థం. మా ఆఫీసులో పనిచేసిన సర్వేయరు ఒకాయన నన్ను అక్కడికి తీసుకువెళ్లి, ఒక గది ముందు ఆగి, "మా నాన్న ఇందులో ఉన్నారు" అని మాత్రం అన్నాడు. తర్వాత ఇద్దరం బయటకు వచ్చి కాఫీ తాగాం. పదేళ్ల పిల్లవాడికి జైలు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. ప్రతిఘటన మ్యూజియం పిల్లలకు అనువుగా ఉంటుంది, అది మాత్రం చూపించండి.

అటావురో దిలీకి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్లు. వేగపు పడవలో గంటా గంటన్నర. 2016లో అక్కడి పగడపు దిబ్బల్లో జరిపిన సర్వేలో ఒక్కో చోట సగటున 253 రకాల చేపలు కనిపించాయి. అలాంటి సంఖ్య ప్రపంచంలో మరెక్కడా నమోదు కాలేదని అప్పట్లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సముద్రం లోతుకు దూకే శిక్షణ మీకు లేకపోయినా పరవాలేదు. కళ్లద్దం, గాలిగొట్టం పెట్టుకుని ఒడ్డుకు యాభై అడుగుల దూరంలో తల ముంచితే చాలు. చేపలు గుంపులుగా మీ చేతుల మధ్య నుంచి వెళతాయి. పడమటి ఒడ్డున ఆడారా ఊరి స్త్రీలు స్వయంగా చెక్కుకున్న కళ్లద్దాలతో, బరిసెలతో నీళ్లలో దిగి చేపలు పడతారు. తరతరాల విద్య అది.

ఆ దీవిలో కొన్ని దిబ్బల దగ్గర చేపలు పట్టకూడదు. తారా బందు అనే సంప్రదాయ కట్టుబాటు అది. ఊరి పెద్దలు పూజ చేసి, ఫలానా చోట ఫలానా కాలం వరకు ఎవరూ ముట్టరాదని నిర్ణయిస్తారు. కొన్నిచోట్ల సందర్శకుల నుంచి ఊరికి చిన్న రుసుము వసూలు చేస్తారు. బేరం ఆడకుండా ఇవ్వండి. ఆ చేపలు ఇంకా అక్కడ ఉండడానికి కారణం ఆ ఊరివాళ్ల నిగ్రహమే. పగడం ముక్క గానీ గవ్వ గానీ ఏరుకుని తెచ్చుకోవద్దు.

మౌబిసి దిలీకి దక్షిణాన, చల్లటి కొండ ఊరు. అక్కడి నుంచి హాతుబిలికో వెళ్లి, తెల్లవారుజామున రమెలావు శిఖరం ఎక్కుతారు. 2,963 మీటర్లు, దేశంలో అన్నిటికన్నా ఎత్తు. శిఖరం మీద మరియమాత విగ్రహం ఉంటుంది. ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది, చలి ఎముకలు కొరుకుతుంది. మీరు, అబ్బాయి ఎక్కవచ్చు. అమ్మగారు మౌబిసిలో కాఫీ తోటల మధ్య ఉండడమే మేలు.

కాఫీ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1927లో తిమోర్‌లో ఒక తోటలో అరబికా, రొబస్టా రకాలు సహజంగా కలిసి పుట్టిన మొక్క దొరికింది. ఆకుతుప్పు తెగులును తట్టుకునే గుణం దానికి ఉంది. ప్రపంచంలో తెగులును తట్టుకునే అరబికా రకాలలో చాలావాటికి అదే మూలం. మన దేశంలో కాఫీ బోర్డు విడుదల చేసిన కావేరి, చంద్రగిరి రకాలలోనూ ఆ రక్తం ఉంది. మన పాడేరు, అరకు మన్యంలో రైతులు చంద్రగిరి వేశారు. మాది విశాఖ. చిన్నప్పటి నుంచి చూసిన తోటల మూలం ఏడు సముద్రాల అవతల ఒక కొండ మీద ఉందని తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ మొక్కల మధ్యే నిలబడిపోయాను. ఎర్మెరా, లెతెఫొహో, మౌబిసి కాఫీలు కొనండి. వేయించినవి కొనండి, పచ్చి గింజలు విమానాశ్రయంలో ఇబ్బంది పెడతాయి.

తూర్పు కొసన ఉన్న జాకో దీవి ఫొటోలు మీరు చూసే ఉంటారు. తెల్లటి ఇసుక, గాజులాంటి నీళ్లు. స్థానికులకు అది పవిత్ర స్థలం, రాత్రి బస నిషేధం. తుతువాలా నుంచి కిందికి తీరానికి దిగే దారి చాలా కఠినం. ఎనిమిది రోజుల్లో, పెద్దావిడతో అది వద్దు.

మొసళ్లు

దీన్ని వేరుగా చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. ఇవి ఉప్పునీటి మొసళ్లు, సముద్రంలోనే ఈదుతాయి. తిమోర్ కథలో, ఒక పిల్లవాడు ఎండకు చనిపోతున్న మొసలిని కాపాడితే, అది కృతజ్ఞతగా అతన్ని ఏళ్ల తరబడి సముద్రాలన్నీ తిప్పి, చివరికి తన శరీరాన్నే ఈ దీవిగా మార్చింది. అందుకే వాళ్లు మొసలిని "తాత" అని పిలుస్తారు. చంపరు. మనుషుల మీద దాడులు మాత్రం జరుగుతూనే ఉన్నాయి. నదులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన, దక్షిణ తీరంలో ఎక్కడా నీళ్లలో దిగకండి. దిలీ తీరంలో కూడా స్థానికులను అడగకుండా దిగకండి. పొద్దు వాలాక అసలే వద్దు. మొసలిని వాళ్ల భాషలో లఫాయెక్ అంటారు. "ఇక్కడ లఫాయెక్ ఉందా?" అని అడిగితే చాలు, ఎవరైనా నిజం చెబుతారు. ఒకసారి మేము భోజనానికి ఆగిన తీరంలో నీరు చూసి ముచ్చటపడి చెప్పులు విప్పాను. పక్కనే మేకలు కాస్తున్న కుర్రవాడు పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుని లాగాడు. వాళ్ల మేకను ముందు వారమే అక్కడ పోగొట్టుకున్నారట.

భద్రత, ఆరోగ్యం

మనుషుల వల్ల భయం తక్కువ. పగటిపూట దిలీలో మా ఆవిడ ఒక్కతే బజారుకు వెళ్లి వచ్చేది. రాత్రి చీకటి వీధుల్లో తిరగకండి. యువకుల కరాటే ముఠాల మధ్య కొట్లాటలు జరుగుతుంటాయి, 2023లో ప్రభుత్వం వాటి కార్యకలాపాలను ఆపివేసింది కూడా. ఊరేగింపులు, నిరసనలు కనబడితే దారి మార్చుకోండి. బట్టలు నిండుగా ఉంటే మంచిది. జనంలో నూటికి 97 మంది కాథలిక్కులు, ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉంటుంది.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. అది చాలా పెద్ద విజయం. డెంగీ ఉంది, కాబట్టి దోమల మందు పూసుకోవడం మానకండి. 2024 నుంచి కుక్కకాటు వ్యాధి (రేబిస్) కూడా బయటపడింది. కుక్కపిల్లలను ముట్టుకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. పెద్ద జబ్బు చేస్తే దేశంలో వైద్యం పరిమితం. రోగిని విమానంలో బయటి దేశానికి తరలించాల్సి వస్తుంది, దానికి లక్షలు కావాలి. అలా తరలించే ఖర్చు భరించే ప్రయాణ బీమా లేకుండా అమ్మగారిని తీసుకువెళ్లకండి. ఆమె రోజూ వాడే మందులు రెండింతలు, రెండు సంచుల్లో, చీటీతో సహా పెట్టుకోండి.

తిండి

మాంసం, చేపలు తినేవారికి చింతే లేదు. నిప్పుల మీద కాల్చిన చేప, పక్కన ఆయ్ మానస్ అనే మిరపకాయ పచ్చడి. మన రోటి పచ్చడి తిన్న నాలుకకు అది వెంటనే చుట్టమైపోతుంది. మా ఆవిడ శాకాహారి. ఆమెను గట్టెక్కించింది బతార్ దాన్. మొక్కజొన్న, పెసలు, గుమ్మడికాయ కలిపి వండుతారు. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. కొబ్బరాకులో ఉడికించిన అన్నం పొట్లాలు రోడ్డు పక్కన అమ్ముతారు. "మాంసం వద్దు" అంటే చేప పెడతారు, కాబట్టి రెండూ వద్దని విడిగా చెప్పాలి. కొండల్లోకి వెళ్లేటప్పుడు కాస్త పచ్చడి, అటుకులు, పొడులు వెంట ఉంటే అమ్మగారికి నిశ్చింత.

భాష గురించి భయపడకండి. తేతుమ్, పోర్చుగీసు అధికార భాషలు, దిలీలో ఇంగ్లీషు కొంత నడుస్తుంది. తేతుమ్‌లో నాలుగు ముక్కలు నేర్చుకోండి. పొద్దున "బోందియా". ధన్యవాదాలకు మగవారు "ఒబ్రిగాదు", ఆడవారు "ఒబ్రిగాదా". మన లాగే వాళ్లూ కొత్తవారిని వరుస పెట్టి పిలుస్తారు. అక్క అనడానికి "మానా", అన్న అనడానికి "మావున్". దుకాణంలో పేరు తెలియని ఆవిడను "మానా" అని పిలిచి చూడండి, ముఖం విచ్చుకుంటుంది. విదేశీయులను పిల్లలు "మలాయ్, మలాయ్" అని కేకలేస్తారు. అది తిట్టు కాదు.

అమ్మగారి సంగతి

ఆమెకు మోకాళ్లు మరీ ఇబ్బంది పెట్టకపోతే నాకు అనుమానమే లేదు. అటావురో పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మోకాలి లోతు నీళ్లలో నడవాల్సి రావచ్చు, అది ఒక్కటే అడ్డు. కొండ దారుల్లో జీపు ముందు సీటు ఆమెకే ఇవ్వండి, రెండు గంటలకొకసారి ఆపించండి.

ఆమె కోసం దిలీలో ఒక పూట విడిగా ఉంచండి. తాయిస్ నేసే స్త్రీల దగ్గరకు వెళ్లండి. ఇది తిమోర్ చేనేత. యునెస్కో 2021లో తక్షణం కాపాడుకోవలసిన కళల జాబితాలో చేర్చింది. నేలమీద కూర్చుని, మగ్గం పట్టీని నడుముకు కట్టుకుని, తన ఒంటి బిగువుతోనే పడుగును సాగదీసి నేస్తారు. అన్నిటికన్నా గొప్పది ఫుతుస్. పడుగు నూలును ముందే అక్కడక్కడ గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి నేయడం. మా ఆవిడ పుట్టిల్లు పోచంపల్లి దగ్గర, అక్కడ ఈ పనినే చిటికి అంటారు. ఆ ముడులు చూడగానే "ఇది మా చిటికి" అని నేలమీద కూర్చుండిపోయింది. నేసే పెద్దావిడకు తెలుగు రాదు, ఈమెకు తేతుమ్ రాదు. ఫోనులో ఇంటి దగ్గరి మగ్గం ఫొటోలు తీసి చూపించింది. ఆ పెద్దావిడ ఒక్కో ఫొటోను దగ్గరగా పెట్టుకుని, దారాన్ని ఎక్కడ కట్టారో వేలితో చూపిస్తూ ఏదో అడిగేది, ఈమె తెలుగులోనే జవాబిచ్చేది. గంటన్నర గడిచింది. నేను రెండుసార్లు వచ్చి పిలిచినా కదల్లేదు. చివరికి ఒక తాయిస్ కొన్నాం. ఆవిడ మెడలో వేసి పంపింది, మా ఆవిడ తన చేతిరుమాలు ఆవిడకు ఇచ్చి వచ్చింది. అమ్మగారి ఫోనులో మీ ఊరి ఫొటోలు కొన్ని వేసి తీసుకువెళ్లండి.